చప్పుడు చెయ్యని తోడికోడలు

మా వంటింట్లో ఏదైనా గిన్నె కనిపించకపోతే నేను వెతకను. నేరుగా మా అక్కకి ఫోన్ చేస్తాను. అక్క అంటే తోడబుట్టినది కాదు, తోడికోడలు. మా బావగారి భార్య. వాళ్లది పై వాటా, మాది కింది వాటా. మధ్యలో మెట్లు. ఆ మెట్లు దిగి ఆవిడ ఎప్పుడొచ్చిందో ఎవరికీ తెలియదు, ఎప్పుడు వెళ్లిందో అసలే తెలియదు. గిన్నె మాత్రం మాయమై ఉంటుంది.

ఆవిడ పని సినిమాలకూ సీరియళ్లకూ చప్పుళ్లు చెయ్యడం. పాటలు కావు, మాటలు కావు, మిగతావన్నీ. షూటింగ్‌లో మైకు చూపంతా నటుల మాటల మీదే. ఆ మాటలు కూడా మళ్లీ డబ్బింగులో చెప్పించేసరికి తెర మీద మనిషి నడుస్తాడు గానీ అడుగు వినబడదు, తలుపు తెరుచుకుంటుంది గానీ కిర్రుమనదు. అప్పుడు మా అక్క ఒక గదిలో నిలబడి, ఆ బొమ్మను చూస్తూ దానితోపాటే నడుస్తుంది, కుర్చీ లాగుతుంది, గ్లాసు కింద పెడుతుంది. జనం అవన్నీ వాటంతటవే మోగాయనుకుంటారు. పెళ్లయి వచ్చిన కొత్తలో నేనూ అలాగే అనుకున్నాను.

నా భ్రమ నా హ్యాండ్‌బ్యాగుతో పోయింది. పెళ్లిరోజుకి మా ఆయన కొనిపెట్టిన తోలు బ్యాగది. ఒకరోజు కనిపించలేదు. ఇల్లంతా తిరగేశాను. నేను మా ఆయన్ని అనుమానించాను, మా ఆయన నా మతిమరుపుని అనుమానించాడు. కొన్నాళ్లకి టీవీలో సీరియల్ చూస్తున్నాను. అందులో పెద్దాయన వాలుకుర్చీలో వెనక్కి వాలాడు, కుర్చీ కిర్రుమంది. ఆ కిర్రు నాకు బాగా తెలుసు. నా బ్యాగు పట్టీని మెలిపెడితే వచ్చే కిర్రు అది. పై వాటాకి వినబడేలా గట్టిగా కేకేశాను.

"అరవకే, ఇక్కడే ఉన్నా," అంది అక్క నా వెనక నుంచి. "బాగా కుదిరింది కదూ?"

ఆ తర్వాత నా గొడుగు టపటపలాడి పావురాల గుంపైంది. నా తడి తువ్వాలు ఎవరో విలన్ చెంపలు వాయించింది. మొక్కజొన్న పిండిని సంచిలో పోసి పిసికితే మంచులో నడిచినట్టు ఉంటుందట. సూప్ చిక్కగా చేద్దామని డబ్బా మూత తీసిన రోజు నాకా సంగతి తెలిసింది.

ఇక నా విషయం. నేను నడిస్తే అలమరలో గ్లాసులు ఒకదాన్నొకటి పలకరించుకుంటాయి. మా అత్తగారు బతికున్నన్నాళ్లూ నన్ను భూకంపం అనే పిలిచింది. ఆవిడ పోయాక ఆ పేరుని మా ఆయన వారసత్వంగా పుచ్చుకున్నాడు. "మీ అక్కని చూసి నేర్చుకోరాదా" అని కొసరు కూడా వేసేవాడు. నాకు ఒళ్లు మండేది. రోజంతా లోకంలో వాళ్లందరి అడుగులూ వేసి వచ్చిన మనిషికి ఇంట్లో వేసుకోవడానికి మిగలవు, అందులో గొప్పేముంది?

ఒక మధ్యాహ్నం ఆవిడ నా పెద్ద స్టీలు పళ్లెం ఎత్తుకుపోతూ మెట్ల మీద జారిపడింది. మెట్టు మెట్టుకీ మోగుకుంటూ పళ్లెం కిందికి దొర్లి, గిర్రున తిరిగి తిరిగి ఆగింది. నేను పరుగెత్తాను. అక్క కాలు ఉండాల్సిన తీరులో లేదు. ముఖం పాలిపోయింది. నన్ను చూడగానే ఆవిడ అన్న మొదటి మాట ఇది:

"ఆగేముందు ఎలా మోగిందో విన్నావా? అది మళ్లీ ఓసారి దొర్లించవే."

దొర్లించలేదు. నాలుగు చీవాట్లు పెట్టి, గడియారాల కొట్టు నుంచి బావగారిని పిలిపించి ఆసుపత్రికి తీసుకెళ్లాను.

చీలమండ విరిగిందన్నాడు డాక్టరు. కట్టు విప్పాక నడవగలదు గానీ మునుపటి నడక రాదు, కాస్త కుంటు మిగిలిపోవచ్చు అని మెల్లిగా చెప్పాడు.

"కుంటు అంటే ఎంతండీ? వినబడేంతా?" అని అడిగింది అక్క.

డాక్టరుకి ఆ ప్రశ్న అర్థం కాలేదు. నాకు అర్థమైంది. ఆవిడ ఒకసారి దొంగలా నడవాలి, ఒకసారి పెళ్లికూతురిలా, ఒకసారి పోలీసులా. తన నడకంటూ ఒకటి చెవికి తగలకూడదు. తగిలిందా, తెర మీద పోలీసూ పెళ్లికూతురూ ఒక్క మనిషే అయిపోతారు.

స్టూడియో ఓనరు చూడటానికి వచ్చాడు. మంచివాడే, నాన్చకుండా చెప్పాడు. "అమ్మా, చేతిలో ఒక సినిమా ఉంది. సగం సినిమా నడకే. మీరు చెయ్యలేకపోతే కంప్యూటర్లో ఉన్న అడుగులు అతికించేస్తాం. ఒకసారి అలా గడిచిపోయిందంటే, ఇక మీ గది ఎందుకని నన్ను అడుగుతారు. డబ్బింగుకి ఇంకో గది కావాలని ఎప్పట్నుంచో నా ప్రాణం తీస్తున్నారు."

"ఈ సినిమా నేనే చేస్తాను," అంది అక్క.

"ఎలాగమ్మా?"

"కూర్చుని."

బావగారికి కొట్టు, మా ఆయనకి ఆఫీసు. వీల్‌చైర్ తొయ్యడానికి నేను మిగిలాను. పోయిన నా సామానంతా ఎక్కడుందో చూసుకోవచ్చు కదా అని ఒప్పుకున్నాను.

ఆ గదిలోకి అడుగు పెట్టగానే నా బ్యాగు కొక్కేనికి వేలాడుతూ కనిపించింది. దాని పక్కన నా గొడుగు. గది నేలంతా గళ్లు గళ్లుగా ఉంది. ఒక గడిలో చెక్క, ఒకదాంట్లో టైల్స్, ఒకదాంట్లో కంకర, ఇసుక, ఎండుటాకులు. గోడ లేకుండా ఒంటరిగా నిలబడ్డ తలుపులు. చెప్పుల అర చూస్తే పెళ్లివారంతా వచ్చి విడిచినట్టుంది. ఎదురుగా తెర, పక్కన పెద్ద అద్దం, అద్దం వెనక రికార్డిస్టు. ఆయన్ని అందరూ అద్దాలాయన అంటారు. గలగలలాడేవి వేసుకోకూడదు, గంజి పెట్టిన బట్టలు కట్టకూడదు, ఖాళీ కడుపుతో అసలు రాకూడదు, మైకు కడుపులో మాటలు కూడా పట్టేస్తుందని ఆయన నాకు ముందే చెప్పాడు. తిని రమ్మనే ఉద్యోగం ఒకటుందని అంతవరకూ తెలియదు.

సినిమాలో ఒక ఆవిడ చాలా ఏళ్లకి తన ఇంటికి తిరిగొస్తుంది. పెద్దగా మాట్లాడదు. చివర్లో పాత మేడ చెక్క వరండాలో తన తలుపు దాకా నడుస్తుంది, ఆగుతుంది, తలుపు కొడుతుంది. అంతే కథ. లోపల ఉన్న కూతురు తీస్తుందో లేదో అన్న భయం అడుగుల్లోనే వినబడాలి అంది డైరెక్టరు. ముప్పై నిండని అమ్మాయి, ఓపిక గలది.

అక్క పీట మీద కూర్చుని, కట్టు కట్టిన కాలు చాపుకుని, చెప్పులు చేతులకి తొడుక్కుంది. తెర మీద ఆవిడ నడుస్తుంటే చెక్క మీద చేతులతో నడిచింది. మడమ, వేళ్లు, చెప్పు అట్ట కొట్టుకోవడం, అన్నీ ఉన్నాయి. నాకైతే అచ్చం అడుగుల్లాగే వినిపించింది. అద్దాలాయన బాగుందన్నాడు. అక్క హెడ్‌ఫోన్స్ పెట్టుకుని వింది, తీసేసింది.

"చెప్పులు నడుస్తున్నాయి. మనిషి నడవట్లేదు," అంది.

"బరువు లేదు కదండీ," అంది డైరెక్టరు కూడా. ఆ అమ్మాయికీ అదే తోచింది.

ఇసుక మూట వేసి చూశారు. మోచేతులతో నొక్కి చూసింది అక్క, మోచేతులు కమిలిపోయాయి తప్ప బరువు రాలేదు. రోజూ ఇదే వరస. ఒక సాయంత్రం అందరూ టీకి బయటికెళ్లారు. అక్క చేతికున్న చెప్పు తీసి కంకరలోకి విసిరికొట్టింది. తల దించుకుంది. ఏడుస్తోందని భుజాలు చూస్తే గానీ తెలియలేదు. ఏడుపులో కూడా చప్పుడు లేదు. ఇన్నేళ్లలో ఆవిడ మీద ఎన్ని పళ్లు నూరానో నాకే తెలుసు, కానీ ఆ గది లేని అక్కని ఊహించుకుంటే నాకు ఏడుపొచ్చింది. కొక్కేనికి వేలాడే నా బ్యాగుతో సహా ఆ గది అలాగే ఉండాలనిపించింది. మంచినీళ్లు తెద్దామని లేచి, చెప్పులు కూడా వేసుకోకుండా చెక్క గడి మీదుగా గబగబా నడిచాను.

"ఎవరు నడిచింది?" అన్నాడు అద్దాలాయన. ఎప్పుడు తిరిగొచ్చాడో, మైకు తెరిచే ఉంది.

"నేనేనండీ, ఇంకోసారి చెయ్యను," అన్నాను. అలవాటైన జవాబు అది.

అక్క తలెత్తింది. చెంపలు తుడుచుకోలేదు.

"మళ్లీ నడు," అంది.

అలా మొదలైంది. పాదం ముందుభాగం, చెప్పుల పని ఆవిడ చేతులది. మడమా బరువూ నావి. ఇద్దరం కలిసి, ఉన్నచోటే అడుగులేస్తూ ఒక మనిషిని నడిపించాలి. మొదట్లో వచ్చింది మనిషి నడక కాదు, మూడు కాళ్ల జంతువేదో వరండాలో తప్పిపోయినట్టు ఉంది. అద్దాలాయన నవ్వు ఆపుకోలేక మైకు కట్టేసుకున్నాడు. నేను తెర మీద కాళ్లని కళ్లార్పకుండా చూసేదాన్ని, అయినా ప్రతిసారీ నా మడమ ఆలస్యంగా పడేది.

"కాళ్లు చూడకే. కాలు కనబడేసరికి అడుగు పడిపోయి ఉంటుంది. భుజం చూడు. ఎటు వెయ్యబోతోందో భుజం ముందే చెప్పేస్తుంది," అంది అక్క.

"మరి నువ్వెప్పుడు వేస్తావో నాకెలా తెలుస్తుంది?"

"నా భుజం మీద చెయ్యి వెయ్యి."

ఆవిడ వెనక నిలబడి భుజం మీద చెయ్యి వేశాను. కళ్లు తెర మీద ఆవిడ భుజం మీద, చెయ్యి అక్క భుజం మీద. ఇంట్లో ఒక్కరోజు కూడా మేమంత దగ్గరగా నిలబడింది లేదు. తల ప్రాణం తోకకొచ్చింది గానీ, మెల్లమెల్లగా మూడో కాలు మాయమైంది. తెర మీద ఆవిడ బరువు నా మడమల్లోకి దిగింది.

చివరి సీను రోజు ఓనరు కూడా వచ్చి అద్దం వెనక కూర్చున్నాడు. ఇది కుదరకపోతే ఈ గోడలకి రంగులేసి డబ్బింగు గది చేసేస్తారు, అక్క మెట్ల మీద కూర్చుని వీధి చప్పుళ్లు వింటూ ఉండిపోతుంది అనుకున్నాను. బొమ్మ మొదలైంది. వరండా అంతా నడిచాం. తలుపు ముందు ఆవిడ ఆగింది. అక్క చేతులు ఆగాయి. నేనూ ఆగాలి. ఆగాను గానీ భయానికి కాళ్లు నిలవలేదు, ఈ కాలి మీద బరువు ఆ కాలి మీదికి మార్చాను. కింద చెక్క సన్నగా మూలిగింది.

అయిపోయింది, నాశనం చేశాననుకున్నాను. డైరెక్టరు అమ్మాయి అద్దం వెనక నుంచి లేచి గదిలోకి వచ్చింది.

"తలుపు కొట్టేముందు బరువు మార్చారు చూడండి, అది ఎవరు చెప్పారు మీకు?"

"ఎవరూ చెప్పలేదమ్మా. భయమేసింది. మళ్లీ చేద్దాం."

"వద్దు. ఆవిడకీ అదే భయం," అంది. "నాకు అదే కావాలి."

అక్క నా చెయ్యి మీద తన చెయ్యి వేసింది, చెప్పుతో సహా. ఓనరు వెళ్తూ వెళ్తూ చెక్క గడిలో ఒక పలక వదులైందని, మార్పిస్తానని అన్నాడు. "అది మాత్రం ముట్టుకోకండి," అని ముగ్గురం ఒకేసారి అన్నాం. అప్పుడు నవ్వాడు. ఆ నవ్వుతో నా గుండె కుదుటపడింది. తీసేసే గదికి ఎవరూ పలకలు మార్పించరు కదా.

సినిమా విడుదలయ్యాక అందరం కలిసి వెళ్లాం. బావగారు అలవాటుగా మొదట్లోనే నిద్రపోయారు. చివర్లో ఆ వరండా నడక వచ్చింది. మా ముందు వరసలో ఒకాయన, ఎవరో వస్తున్నారనుకుని వెనక్కి తిరిగి దారి వైపు చూశాడు. చెక్క మూలిగింది. మా ఆయన తెర మీంచి చూపు తిప్పకుండా నా వైపు ఒరిగాడు.

"మన భూకంపమే కదూ," అన్నాడు.

ఒళ్లు మండలేదు. కళ్లు మండాయి, అంతే.

అక్క కట్టు విప్పారు. డాక్టరు చెప్పినట్టే కుంటు మిగిలింది. తర్వాతి సినిమా కూడా ఆ గదికే వచ్చింది. చేతుల పని ఆవిడది, బరువు పని నాది, మధ్యలో తిట్టుకోవడం ఇద్దరిదీ. ఇంట్లో మాత్రం ఆవిడ కొన్నాళ్లు మెట్ల మీద పాత నడక నడవాలని చూసింది. గోడ పట్టుకుని, కాలు తేలిగ్గా వేసి, ఎన్ని తంటాలు పడ్డా కుదరలేదు. ఆవిడ సిగ్గుపడుతోందని తెలిసి మేమెవరం గమనించనట్టే ఉన్నాం.

మొన్న ఉదయం పొయ్యి దగ్గర ఉన్నాను. గట్టు మీద కొత్త పెనం ఉంది, ముందురోజే కొన్నది. మెట్ల మీద ఒక అడుగు గట్టిగా పడింది. తర్వాతది కాస్త ఈడ్చినట్టు వచ్చింది. మళ్లీ గట్టిగా, మళ్లీ ఈడ్చినట్టు. ఈ ఇంటికి కోడలిగా వచ్చాక ఆవిడ అడుగు దాచుకోకుండా రావడం నాకు వినబడింది అప్పుడే. పెనం దాచాలంటే బోలెడు వ్యవధి ఉంది. అలమర తీసి, లోపల పెట్టి, తాళం కూడా వెయ్యొచ్చు.

పెనాన్ని గట్టు చివరికి, చేతికందేలా జరిపాను. మూత కూడా పక్కనే పెట్టాను. పొయ్యి వైపు తిరిగి ఉల్లిపాయలు తరుగుతూ నిలబడ్డాను.

అడుగులు నా వెనక ఆగాయి. పెనం గట్టు మీంచి లేచిన చప్పుడైంది. నేను తిరగలేదు. ఆవిడ మెట్లెక్కి పై వాటా తలుపు వేసుకునేదాకా ఒక్కో అడుగూ వింటూనే ఉన్నాను.