నాన్న క్యారేజీ, నా సమీకరణం

అప్పుడు నేను జగదల్‌పూర్‌లో ఎమ్మెస్సీ గణితం చదువుతున్నాను. నాన్న బైలాడిలా ఇనుప గనిలో మెకానిక్. ఇన్సులిన్ వేసుకునేవారు. తిన్న అన్నానికి, వేసుకున్న ఇన్సులిన్‌కి రక్తంలో చక్కెర ఎలా పెరిగి తగ్గుతుందో సమీకరణాలతో చూపించడమే నా ప్రాజెక్టు. సెలవుల్లో ఇంటికొచ్చి, అమ్మ క్యారేజీలో పెట్టే అన్నం తూచి మరీ లెక్క కట్టాను.

"రోజూ నాలుగింటికి తినే ఆ బిస్కెట్లు ఇక అక్కర్లేదు నాన్నా" అని గొప్పగా చెప్పాను. ఆయన నమ్మారు.

మూడో రోజే పనిలో కూలబడిపోయారని కబురొచ్చింది. అమ్మా నేనూ ఆస్పత్రికి పరుగెత్తేసరికి నాన్న లేచి కూర్చున్నారు. పక్కన ఆయనతో పనిచేసే జోగా బాబాయ్ ఉన్నాడు. చక్కెర పడిపోయి నాన్న ఒళ్లు వణుకుతుంటే, తియ్యగా ఉంటాయని తన దగ్గరున్న ఎండు ఇప్పపూలు నమిలించాడట.

"అన్నమంతా తిన్నారుగా, మరెందుకిలా?" అన్నాను.

బాబాయ్ తల దించుకున్నాడు. "సగం నాకే పెడతడు బిడ్డా. మా ఊరు దూరం, పొద్దుగాల వండుకొని రాలేను. ఆ బిస్కెట్లతోనే ఆయన కడుపు నింపుకుంటడు."

"చెప్పొచ్చు కదా నాన్నా."

"అన్నం తూచావు గానీ, నన్ను అడగలేదుగా అమ్మా."

ఇంటికొచ్చి నేను సమీకరణంలో అన్నాన్ని సగం చేశాను. అమ్మ క్యారేజీకి ఇంకో గిన్నె చేర్చింది. ఇద్దరం దిద్దింది ఒకే తప్పు. నా దిద్దుబాటు తలుచుకుంటే మాత్రం ఇప్పటికీ సిగ్గేస్తుంది.