తోక దగ్గరి వైరు

మా అశోక్‌నగర్ ఫ్లాట్‌లో డైనింగ్ టేబుల్ మీద అన్నం తిన్న రోజులు తక్కువ. దాని మీద ఎప్పుడూ ఏదో ఒక రెక్క ఆరుతూ ఉంటుంది. రిమోట్‌తో నడిచే చిన్న విమానాలు ఎగరేసేది మా ఆయన, బాగుచేసేది నేను. రిటైరయ్యేదాకా నారాయణగూడలో ఒక కాలేజీ ఫిజిక్స్ ల్యాబ్ నాదే. మా ఇంట్లో ఇస్త్రీపెట్టెలు రెండు. ఒకటి చీరలకు, ఇంకోటి రెక్కల మీద రంగు ప్లాస్టిక్ పొర అతికించడానికి. రెండోదాన్ని తన చొక్కా మీద పెట్టినందుకు ఆయనకు ఒకసారి గట్టిగానే చీవాట్లు పడ్డాయి.

ఆ ఆదివారం ఊరవతల మైదానంలో ఆయన ఎగరేస్తున్న పసుపు విమానం ఉన్నట్టుండి ముక్కు కిందికి పెట్టింది. మళ్ళీ లేవలేదు. దూసుకొచ్చి నేలను కొట్టుకుంది. ముక్కల్ని అట్టపెట్టెలో వేసుకుని లోయర్ ట్యాంక్ బండ్ మీదుగా ఇంటికొచ్చాం. రాగానే ఆయన రిమోట్‌ను బీరువాలో పెట్టి తాళం వేశారు.

"ఇగ చాలు. పైకి లాగుదామనుకున్న, చెయ్యి ఆడలే. చేతులు వణుకుతున్నయ్. వయసైపోయింది."

ఆయనతో కలిసి ఎగరేసే స్నేహితుడు సాయంత్రం ఫోన్ చేసి, "వదినా, దాన్ని పారెయ్యుండ్రి, ఇగ పనికిరాదు" అన్నాడు. నాకు ఒళ్ళు మండింది. పనికొస్తుందో రాదో చెప్పాల్సింది నేను కదా! విమానం సంగతి అటుంచితే, ఆదివారం వస్తుందంటే నిద్రపట్టని మనిషి టీవీ ముందు చతికిలబడితే చూడలేకపోయాను. ఆయన మళ్ళీ ఎగరెయ్యాలి. నాకు కావలసింది అదొక్కటే.

బాగుచెయ్యడంలో నాదొక పద్ధతి. విరిగినవాటిని ముందు ముట్టుకోను. బాగున్నట్టు కనిపించేవాటినే ముందు చూస్తాను. తోక చెక్కుచెదరలేదు కాబట్టి తోకతో మొదలుపెట్టాను. విమానాన్ని పైకీ కిందికీ తిప్పే రేకును అక్కడ ఒక చిన్న మోటారు కదిలిస్తుంది. దానికి వెళ్ళే వైరును వేళ్ళ మధ్య నలిపి చూస్తే ఒకచోట మెత్తగా తగిలింది. పైతొడుగును బ్లేడుతో చీల్చాను. లోపల రాగి తీగలు తెగి, ఊరికే ఒకదానికొకటి ఆనుకుని ఉన్నాయి. నేలకు తగిలిన దెబ్బకు తెగినవైతే కొత్త బిందెలా మెరవాలి. ఇవి నల్లబడి ఉన్నాయి. అంటే ఎప్పుడో తెగాయి.

ఆయనతో చెప్పాను. "నన్ను ఓదార్చనీకి చెప్తున్నవ్ తియ్" అన్నారు.

"ఓదార్చుడు నాకు వస్తదా? ఇన్నేండ్లకు అది గూడ తెల్వదా మీకు? ఇటు రాండ్రి."

బీరువా తీయించాను. వేళ్ళకు తగలకుండా విమానం ముక్కు మీది పంకా విప్పేసి, బ్యాటరీ తగిలించి, రిమోట్ ఆయన చేతిలో పెట్టి దాని మీది పుల్లను లాగమన్నాను. తోక రేకు లేచింది. నేను వైరును ఆ చోట కొంచెం వంచి, మళ్ళీ లాగమన్నాను. రేకు కదల్లేదు. వైరు చక్కగా పట్టుకుంటే కదిలింది, వంచితే ఆగిపోయింది. ఆయన కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ మళ్ళీ లాగి చూశారు.

"అంటే ఆ దినం నేను లాగిన" అన్నారు మెల్లగా.

"లాగిండ్రు. దానికి అందలే."

హిమాయత్‌నగర్‌లో కొత్త వైరు తెచ్చి టంకం పెట్టాను. కుదుపులకు ఊగకుండా దారంతో కట్టాను. పగిలిన చెక్కల్ని అతికి, రెక్కల కింద రెండు వేళ్ళు పెట్టి లేపితే తోక వైపు ఒరిగింది. జిగురు ఎక్కువైంది. అదంతా గీకి, బ్యాటరీని ముందుకు జరిపాక వేళ్ళ మీద సమంగా నిలబడింది. ఎక్కడ విరిగిందో చూపించమంటే నేనే వెతుక్కోవాలి, అంత నీటుగా వచ్చింది. గొప్పలు అనుకుంటే అనుకోండి.

తరువాతి ఆదివారం మైదానంలో ఆ స్నేహితుడు దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "కొత్తది ఎప్పుడు కొన్నరు వదినా?" అన్నాడు.

"మీరు పారెయ్యమన్నదే" అన్నాను.

విమానం కాస్త దూరం పరిగెత్తి గాలిలోకి లేచింది. అక్కడున్న వాళ్ళందరూ తలెత్తి దాన్నే చూస్తున్నారు. నేను చూడలేదు. నేను బాగుచేసింది ఎగురుతుందో లేదోనన్న బెంగ నాకు లేదు. నేను ఆయన చేతుల్నే చూస్తున్నాను. రెండు బొటనవేళ్ళూ రిమోట్ మీద తాపీగా కదులుతున్నాయి. ఎక్కడా వణుకు లేదు.