గారుగారి చేతిలో ఓడిపోవడం

ఆ రోజుల్లో మా భీమవరంలో రొయ్యకున్న మర్యాద మనిషికుండేది కాదు. మనిషి ఎండలో నిలబడినా ఫరవాలేదు, రొయ్య మాత్రం ఐసులో పడుకోవాలి. రొయ్యల ఫ్యాక్టరీలో ఆ ఐసు పక్కన స్వెట్టరు తొడుక్కుని సరుకు చూసుకునే ఉద్యోగం నాది. అది ఇంకా పర్మనెంటు కాలేదు, అయినా నాకు బెంగ లేదు, ఎందుకంటే నా మనసంతా చదరంగం మీదే ఉండేది. కాలేజీలో కప్పు గెలిచినవాణ్ణి మరి. (పోటీకి వచ్చినవాళ్ళు కొద్దిమందే, వాళ్ళలోనూ ఇద్దరు టిఫిను కోసం వచ్చారు.) ఎప్పటికైనా మద్రాసు వెళ్ళి చదరంగమే వృత్తిగా బతకాలని నా ఆశ. “కూర్చుని ఆడే ఆటకి జీతం ఎవడిస్తాడ్రా?” అని మా నాన్న అనేవారు.

ఆ సీజనులో సరుకు పరీక్షించడానికి జపాను నుంచి ఒకాయన వచ్చి మా ఫ్యాక్టరీ గెస్ట్‌హౌసులో దిగారు. వాళ్ళు పేరు చివర ‘సాన్’ అంటారని విని మేమందరం ‘సాన్‌గారూ’ అని పిలవడం మొదలుపెట్టాం. సాన్ అంటేనే గారు అని ఆయన సిగ్గుపడుతూ చెప్పాక తెలిసింది, ఇన్నాళ్ళూ ఆయన్ని ‘గారుగారూ’ అని పిలుస్తున్నామని. ఇప్పుడొకటి తగ్గిస్తే ఏమనుకుంటారోనని అలాగే ఉంచేశాం.

సాయంత్రం ప్యాకింగు అయ్యాక ఆయన వరండాలో ఒక చెక్కపలక ముందు ఒంటరిగా కూర్చునేవారు. అది షోగి, అంటే జపాను చదరంగం. పావులన్నీ ఒకే రంగు చెక్కముక్కలు. మొన ఎటు చూస్తే శత్రువు అటున్నట్టు. విచిత్రమేమిటంటే, మనం పట్టిన ఎదుటివాడి పావును మన సైన్యంలో మళ్ళీ దింపుకోవచ్చు. ఈ సంగతి విన్న మా యజమాని రాజుగారు “అంటే చావుల్లేవు, బదిలీలే. గవర్నమెంటు ఉద్యోగంలా ఉందే” అన్నారు.

నేను వెంటనే శిష్యుణ్ణయిపోయాను. ఆయన ఇంగ్లీషూ నా ఇంగ్లీషూ సమానమే కాబట్టి ఒకరి తప్పులు ఒకరికి బాగా అర్థమయ్యేవి. పన్నెండో ఏట వృత్తి ఆటగాడు కావాలని ఆయన ఒక గురువు దగ్గర చేరారట. ఆ గురువు శిష్యుడితో చేరిన రోజు ఒక ఆట ఆడతాడు, మానేసిన రోజు ఒక ఆట ఆడతాడు, మధ్యలో అన్నేళ్ళూ పలక ముందు కూర్చోడు. ఇరవయ్యారేళ్ళు నిండేలోగా ఫలానా మెట్టు ఎక్కినవాడికి ఆటే ఉద్యోగం, ఎక్కలేనివాడికి సెలవు. ఈయన ఒక్క ఆట తేడాతో ఆ మెట్టు కింద ఆగిపోయి, గురువుతో ఆ రెండో ఆట ఆడేసి, రొయ్యల్లోకి వచ్చారు. ఇది విని నేను జాలిపడాలి కదా? లోలోపల సంబరపడ్డాను. వృత్తికి చాలని మనిషే కదా, ఈయన్ని ఓడిస్తే మర్నాడే రాజీనామా, ఆ మర్నాడు మద్రాసు రైలు అని నాకు నేనే మాటిచ్చుకున్నాను.

ఆదివారం మేమిద్దరం ఆడబోతున్నామని రాజుగారు తెలుసుకుని నన్ను పక్కకు పిలిచారు. “ఇంటికొచ్చిన మనిషిని ఓడించి పంపుతామా ఏంటి? నువ్వే ఓడిపో. ఓడిపోతున్నట్టు మాత్రం తెలియకూడదు” అన్నారు. తలాడించాను గానీ మనసులో గెలుపే ఉంది.

గారుగారు వంగి నమస్కరించి, తన వైపున్న బలమైన పావులు రెండు తీసి పెట్టెలో పెట్టేసుకున్నారు. అది నాకిచ్చిన వెసులుబాటట. ముందు ఉక్రోషం వచ్చింది, ఆ వెంటనే ఆశ కూడా పుట్టింది. కాసేపటికి నా సైన్యంలో సగంమంది అటువైపు డ్యూటీలో చేరిపోయారు, నా రాజుకి కదలడానికి గడి లేదు.

అప్పుడాయన చేతులు ఒళ్ళో పెట్టుకుని ఊరుకున్నారు. మన వైపు ఓడినవాడు ఓడానని నోటితో అంటాడా? టీ తెప్పించమంటారా అన్నాను. కరెంటు పోయేలా ఉందన్నాను. ఎండ పలక మీద పడుతోందని కుర్చీ జరిపాను. ఆయన కదల్లేదు. తలుపు చాటునుంచి చూస్తున్న రాజుగారు అతిథికి కోపం వచ్చిందనుకుని పూతరేకులు పంపించారు. అవీ అలాగే ఉండిపోయాయి. చివరికి గారుగారు, ఓడినవాడు చెప్పేదాకా ఆట అవదనీ, తమ గురువు అన్నిటికంటే ముందు నేర్పింది అదేననీ మెల్లగా చెప్పారు.

“ఓడిపోయానండి” అన్నాను, తెలుగులోనే. మద్రాసు రైలు నన్నెక్కించుకోకుండానే కదిలిపోయింది.

ఆయన నాకంటే కిందికి వంగి నమస్కరించారు. తరువాత పావులు పెట్టెలో పెట్టకుండా, ఆట మధ్యలో ఎక్కడో ఉన్నట్టుగా మళ్ళీ పేర్చారు. నేను పట్టిన గుర్రం ఒకటి తీసి ఒక గడిలో దింపి, “ఇక్కడ పెట్టుంటే ఆ మాట నేను చెప్పేవాణ్ణి” అన్నారు. నిజమే, నేను గెలిచేవాణ్ణి. నా గెలుపు దొరికినందుకు ఆయన మొహం నా మొహం కంటే వెలిగిపోయింది. ఇద్దరం పూతరేకులు తింటూ, ఆడని ఆ ఆటను చీకటి పడేదాకా ఆడాం. అన్నేళ్ళ కష్టం పోయినందుకు బాధ లేదా అని అడిగితే, ఇంకో పావు జరుపుతూ, “ఉద్యోగం రొయ్యలది. ఆదివారం నాది” అన్నారు.

మర్నాడు రాజుగారు అడక్కముందే, ఓడిపోయానండి అని చెప్పాను. రెండోసారి సులువుగానే వచ్చింది. ఆయన నా భుజం తట్టి, “చూశానయ్యా. ఎంత సహజంగా ఓడిపోయావంటే, ముందే చెప్పుండకపోతే నేనూ నమ్మేద్దును” అన్నారు. నిజంగానే ఓడిపోయానండి అంటే నా వినయానికి ఇంకా మురిసిపోయారు. ఆ నెలలోనే ఉద్యోగం పర్మనెంటయింది.

గారుగారు ఆ సీజనుతోనే వెళ్ళిపోయారు. నా ఆదివారాలు మాత్రం ఇప్పటికీ నావే; చదరంగం పలక ముందు కూర్చుంటాను, తరచుగా ఓడిపోతాను, ఓడినప్పుడు పైకే చెబుతాను, ఎదుటివాడు కంగారుపడతాడు. ఆనాటి నేను, స్వెట్టరు తొడుక్కున్న ఆ కుర్రాడు, ఎప్పుడైనా ఎదురుపడితే, వెళ్ళి మద్రాసు రైలెక్కరా అబ్బాయ్ అనే అంటాను. గెలుస్తాడని కాదు. తనని అంత చక్కగా ఓడించి, గెలుపెక్కడుందో చూపించేవాళ్ళు అక్కడ ఎంతమంది ఉన్నారో చూసి వస్తాడని.