వాసెన కట్టిన ఎరువు

నాంపల్లి స్టేషన్ వెనక మా గల్లీలో విద్యావతి టీచరు పెట్టే ఆవకాయకు పేరుంది. జాడీలో ముక్కల్ని గట్టిగా అదిమి, గాలి చొరబడకుండా మూతికి గుడ్డతో వాసెన కడుతుంది. ఏనాడూ బూజు పట్టలేదు. అందుకే ఏ పనికైనా ఆమెకు జాడీ పద్ధతే పద్ధతి.

రిటైరయ్యాక డాబా మీద గులాబీలు పెట్టింది. కూరగాయల తొక్కలతో ఎరువు చేద్దామని ఖాళీ రంగు డబ్బా తెచ్చింది. ఇక చూడాలి. తొక్కలు వేయడం, పచ్చడి బండతో అదమడం, గుడ్డ కట్టడం. నెల తిరిగేసరికి గల్లీ అంతా కంపు. ఆమె ఇంకా గట్టిగా అదిమి, రెండో గుడ్డ కట్టింది. పక్కవాటాలో ఉండే నేను ఏదో అనబోతే, "ఊరాలంటే గాలి తాకొద్దు బిడ్డా" అని నా నోరు మూయించింది.

చివరకు ఇంటి యజమాని సదాశివ పైకొచ్చాడు. మంచివాడే, పాపం ఆయనకూ ముక్కుంది.

"టీచరమ్మా, కిందోళ్లు ఖాళీ చేస్తమంటున్రు. డబ్బా తీసెయ్యున్రి, కుండీలు గూడ. ఆదివారం వచ్చి చూస్త."

ఆ పూట ఆమె అన్నం ముట్టలేదు. భర్త పోయాక ఆమె పొద్దున్నే లేచేది ఆ మొక్కల కోసమే. అది తెలిసి నాకూ ముద్ద దిగలేదు.

మర్నాడు చెత్త బండికి ఇచ్చేద్దామని ఇద్దరం డబ్బాను బోర్లించాం. తడి పారకుండా, అబిడ్స్ చెప్పుల దుకాణంలో అడిగి తెచ్చిన అట్టపెట్టెలు కింద పరిచాం. ముక్కు మూసుకుని గడ్డలు చిదిపాం. తీరా చెత్త బండి రాలేదు. కుప్ప అలాగే గాలికి ఆరుతూ ఉండిపోయింది. తెల్లారి చూస్తే కంపు సగం లేదు. ఆమె వంగి మళ్లీ మళ్లీ వాసన చూసింది. తన పద్ధతి తప్పని నోటితో ఒప్పుకోలేదు గానీ, అట్టలు చింపి కుప్పలో కలిపి, రోజూ గరిటెతో తిరగేయడం మొదలుపెట్టింది.

ఆదివారం సదాశివ డాబా అంతా తిరిగి, కుప్ప పక్కనే ఆగాడు. డబ్బాలో చెత్త ఎక్కడ పారేశారని అడిగాడు.

"నీ కాళ్ల కాడనే ఉంది, సదాశివన్నా." ఆమె గరిటెతో కుప్పను తిరగేసి చూపింది.

ఆయన వంగాడు. తడిమన్ను వాసన తప్ప ఏమీ లేదు. కాసేపు గడ్డం గోక్కున్నాడు.

"ఇగ ఉండనీయున్రి. కుండీలు గూడ."

నాకు ప్రాణం లేచొచ్చింది. ఆయన మెట్లు దిగేదాకా ఆమె కదల్లేదు. తర్వాత కొంగుతో కళ్లు తుడుచుకుంది.

"బకెట్ తే బిడ్డా. ఉంచుతడో తీపిస్తడో అని చెయ్యి రాక, నిన్నటి సంది ఈ చెట్లకు చుక్క నీళ్లు పొయ్యలే."