వద్దన్నాక కూడా పాఠం చెప్పిన సార్

జువాలజీ సార్ పోయారన్న కబురు నాకు మహబూబ్‌నగర్‌లో, ఇంటర్ జవాబు పత్రాలు దిద్దే హాల్లో తెలిసింది. మా వనపర్తి కాలేజీ కెమిస్ట్రీ మేడం నా బల్ల దగ్గరికి వచ్చి, "సార్ పోయిండంట మేడం. పొద్దుగాల గుండెల నొప్పి లేచిందంట. దవాఖానకు తీస్కపోయేలోపే అయిపోయిందంట" అని మెల్లగా చెప్పి తన కుర్చీలోకి వెళ్ళిపోయింది. నా ముందున్న పేపరు సగంలో ఉంది. దాన్ని పూర్తి చేశాను. తర్వాతిది తెరిచి ఒక పేరా చదివి మూసేశాను. అంతకు మించి ఆ పూట నేనేమీ చేయలేదు.

ఆయన నాకు ఆప్తులని చెప్పుకోలేను. ఒకే స్టాఫ్‌రూమ్‌లో చాలా ఏళ్ళు పక్కపక్కన కూర్చున్నాం, అంతే. నేను తెలుగు చెబుతాను. ఈ ప్రవేశ పరీక్షల పరుగంటే నాకు పెద్దగా గౌరవం లేదు. ఆయనకది తెలుసు. "మీ సబ్జెక్టే నయం మేడం, దానికి గుండ్రాలు నింపే పరీక్ష పెట్టరు" అని నవ్వేవారు. ఆయన దగ్గర చదువుకున్నవాళ్ళు ఎవరైనా సార్ గురించి రాస్తారేమోనని కొన్నాళ్ళు చూశాను. వాళ్ళంతా ఏదో ఒక పరీక్షకో, డ్యూటీకో పరుగెడుతున్నారు. పక్క కుర్చీలోంచి చూసిందాన్ని కాబట్టి నేనే రాస్తున్నాను.

మా కాలేజీకి వచ్చే పిల్లల్లో చాలామంది ఇళ్ళల్లో ఇంటర్ దాకా వచ్చినవాళ్ళు వాళ్ళే మొదలు. అమ్మానాన్నలు మెట్ట చేలల్లోనో, పుణె, ముంబై కట్టడాల దగ్గరో ఉంటారు. డాక్టరు చదవాలంటే నీట్ రాయాలని, ఇంజినీరింగుకు వేరే పరీక్ష ఉంటుందని, ర్యాంకు వచ్చాక కూడా కాలేజీల పేర్లు మనమే వరస పెట్టుకోవాలని, కులం, ఆదాయం సర్టిఫికెట్లు ఎండాకాలం రాకముందే తెచ్చి పెట్టుకోవాలని ఇంట్లో చెప్పేవాళ్ళు ఉండరు. ఆ చెప్పే పని సార్ నెత్తిన వేసుకున్నారు. కాలేజీ మొదలవకముందు ఒక క్లాసు, అయ్యాక ఒక క్లాసు. రిటైరయ్యాక ఇంటి మిద్దె మీద రేకులు వేయించి అక్కడ నడిపారు.

ఏప్రిల్ వచ్చిందంటే ఆయన పిల్లల్ని మధ్యాహ్నం రెండింటికి ఆ రేకుల కింద కూర్చోబెట్టేవారు. ఒకసారి నేనే అడిగాను, ఈ ఎండలో ఎందుకండీ, పొద్దున్నే పెట్టుకోవచ్చు కదా అని.

"అసలు పరీక్ష రెండింటికే మేడం. పొద్దున పనిజేసే తలకాయ అప్పుడెందుకు పనికొస్తది? అన్నం తిన్నంక నిద్ర ముంచుకొచ్చేటప్పుడు నడిచే తలకాయ గావాలె."

అలాంటివి ఆయన దగ్గర చాలా ఉండేవి. పరీక్షకు పొట్టి చేతుల చొక్కా, చెప్పులు వేసుకునే రావాలి కాబట్టి నెల ముందు నుంచే అలాగే రమ్మనేవారు. ఆడపిల్లలు కమ్మలు తీసేసి వచ్చేవాళ్ళు. ఒక కొత్త పిల్ల చెవులు బోసిగా ఉన్నాయని సిగ్గుపడి చున్నీ కప్పుకుంటే, "అక్కడ సిగ్గుపడుకుంట కూసుంటే టైం పోతది బిడ్డా, గా సిగ్గేందో ఈడనే పడిపో" అన్నారు. తప్పు జవాబుకు మార్కు కోస్తారు కాబట్టి, తెలియని ప్రశ్నను వదిలేయడం ఆయన ప్రత్యేకంగా నేర్పేవారు. "తెల్వదని ఒప్పుకోని ముందుకు పోవుడు గూడ చదువే" అనేవారు. పరీక్ష రోజున సెంటర్ గేటు బయట తల్లిదండ్రుల మధ్య నేల మీద కూర్చుని ఉండేవారు. పిల్లలు బయటికి రాగానే ఎట్లా రాశావని అడగడం ఆయన దగ్గర నిషేధం. "ఆకలైతుందా?" అని మాత్రమే అడిగేవారు. ఎవరి తండ్రయినా నోరు తెరవబోతే చేయి పట్టుకుని పక్కకు తీసుకుపోయేవారు.

ఆయనది అయిజ దగ్గర ఊరు. తల్లి కన్నడం వైపు నుంచి వచ్చిన మనిషి. అందుకని మాటల్లో అక్కడక్కడా కన్నడం దొర్లేది. ఇక చాలు అనడానికి "సాకు" అనేవారు. కొత్త పిల్లలు తామేదో సాకులు చెబుతున్నామని సార్ అంటున్నారనుకుని, "లేదు సార్, నిజంగనే జ్వరమొచ్చింది సార్" అంటూ సంజాయిషీ ఇచ్చుకునేవాళ్ళు. స్టాఫ్‌రూమ్‌లో మాకది ప్రతి జూన్‌లో వచ్చే వినోదం.

ఆ మాటే ఒకసారి వినోదం కాకుండా పోయింది.

బిజినేపల్లి దగ్గరి ఊరి నుంచి రూతు అని ఒక అమ్మాయి వచ్చేది. తండ్రి బాలస్వామి, తల్లి పుణెలో కట్టడం పనికి పోతారు. ఈ పిల్ల నానమ్మ దగ్గర ఉండి చదువుకుంది. నీట్ ఒకసారి రాసింది, రాలేదు. ఏడాది ఆగి మళ్ళీ రాసింది, మళ్ళీ రాలేదు. ఆ ఏడు రాసిన ఇంకో పరీక్షలో వచ్చిన ర్యాంకుకు నర్సింగ్‌లో సీటు వచ్చేలా ఉంది. సార్ ఆమెను స్టాఫ్‌రూమ్‌కు పిలిచారు. నేను నా కుర్చీలోనే ఉన్నాను.

"సాకు బిడ్డా. ఇంక రాయకు. నర్సింగ్‌ల చేరు, మంచి చదువు. మూడోసారి రాసినోళ్ళను నేను శానామందిని చూసిన. ఏండ్లు పోతయి, మనిషి గూడ పోతడు."

రూతు తల వంచుకుని నిలబడింది. ఏడుస్తుందేమో అనుకున్నాను. ఏడవలేదు.

"నాకు సాలలేదు సార్" అంది. "నాకు బయాలజీ వస్తది, కెమిస్ట్రీ వస్తది. ఫిజిక్స్ ఒక్కటే ముంచుతుంది. నాకేం రాదో ఈసారి తెలిసింది సార్. పోయినసారి గది గూడ తెల్వదు."

సార్ చాలాసేపు కిటికీలోంచి బయటికి చూశారు. మా స్టాఫ్‌రూమ్ కిటికీలోంచి సైకిల్ స్టాండ్ తప్ప ఏమీ కనబడదు.

"సరే. నా మాట నేను చెప్పిన. నీ మాట నేను విన్న. రేపు ఆరింటికి రా" అన్నారు.

ఆ తర్వాత ఆయన చేసింది చూసి మేమంతా నవ్వుకున్నాం. ఫిజిక్స్ చెప్పే కుర్ర లెక్చరర్‌ను బతిమాలి పొద్దున క్లాసుకు ఒప్పించారు. ఒప్పించి ఊరుకోలేదు. రూతు పక్క బెంచీ మీద తనూ కూర్చున్నారు. రిటైర్మెంటు దగ్గర పడ్డ మనిషి, జీవితమంతా కప్పలను, బొద్దింకలను గురించి చెప్పిన మనిషి, వాలు తలం మీద జారే దిమ్మల లెక్కలు చేశారు. తప్పు చేస్తే ఆ కుర్ర లెక్చరర్ మొహమాటపడేవాడు. "నన్ను గూడ కోప్పడు సార్, లేకుంటే ఆ పిల్లకు ధైర్యం రాదు" అనేవారు. ఇంటికి పోయి ఆమె చేసే ఇరవై లెక్కలు తనూ చేసేవారు. ఎక్కడ తల తిరుగుతుందో తనకు తెలిస్తే ఆమెకు ఎక్కడ తిరుగుతుందో తెలుస్తుందని ఆయన లెక్క.

దసరాకు బాలస్వామి పుణె నుంచి వచ్చాడు. కాలేజీకి వచ్చి గుమ్మం దగ్గరే నిలబడి అడిగాడు. గొంతులో కోపం ఉంది.

"సార్, మీరే ఒద్దన్నరంట గదా. మరి మీరే మల్ల ఎందుకు చెప్తున్రు? పిల్లను పరేషాన్ జేస్తున్రు. మేం ఏమనుకోవాలె?"

సార్ లేచి వెళ్ళి అతన్ని తన కుర్చీలో కూర్చోబెట్టి తాను బల్ల అంచు మీద కూర్చున్నారు.

"ఒద్దని చెప్పుడు నా పని బాలస్వామీ. ఇనకపోవుడు ఆమె ఇష్టం. ఇనలేదని నేను పక్కకు జరిగిననుకో, నా మాట నిజం గావాలని ఆమెను ఓడగొట్టినట్టయితది. గట్ల చెయ్యరాదు గదా."

"ఈసారి గూడ రాకుంటే?" అన్నాడు బాలస్వామి.

"రాకుంటే నర్సింగ్‌కు నేనే తీస్కపోత. ఆమె గూడ ఒప్పుకుంది. గదొక్కటే షరతు పెట్టిన."

మూడోసారి రూతుకు వచ్చింది. కాలేజీలు ఎంచుకునేటప్పుడు ఆమె హైదరాబాదు పేర్లన్నీ పైన పెట్టింది. సార్ వాటిని కొట్టేయలేదు. "నానమ్మకు బాగలేదని ఫోనొస్తే ఒక్కోదాన్నించి ఎన్ని బస్సులు మారాలె?" అని మాత్రం అడిగారు. ఆమె తన ఊరికి దగ్గరున్న నాగర్‌కర్నూల్‌ను పైకి జరిపింది. అక్కడే సీటు వచ్చింది. స్వీట్లు పట్టుకుని స్టాఫ్‌రూమ్‌కు వచ్చిన రోజున సార్ అందరి ముందూ, "నా అంచనా తప్పింది మేడం, బాగ తప్పింది" అన్నారు. మీరు వద్దన్నందుకే తనకు పట్టుదల వచ్చిందని రూతు అనబోతే మధ్యలోనే ఆపేశారు. "గదంత ఏం లేదు. ఫిజిక్స్ నేర్చుకున్నవ్, వచ్చింది."

ఇక్కడితో ఆపితే ఇది మంచి కథ అవుతుంది. కానీ నాకు ఆయన మీద గౌరవం కలిగింది దీని తర్వాతి సంగతి వల్ల.

మరుసటి ఏడు పెబ్బేరు వైపు రైతు ఒకాయన కొడుకును వెంటబెట్టుకుని వచ్చాడు. ఆ పిల్లవాడూ రెండుసార్లు నీట్ రాశాడు, రాలేదు. మూడోసారి చదివించమన్నాడు. "రూతుకు రాలేదా సార్? మావోనికెందుకు రాదు?" అని గట్టిగా పట్టుబట్టాడు. సార్ పిల్లవాణ్ణి ఒక్కణ్ణే పక్కకు తీసుకెళ్ళి, నీకేం రావడం లేదో చెప్పగలవా అని అడిగారట. వాడు చెప్పలేకపోయాడు. సార్ మళ్ళీ అదే మాట అన్నారు, చాలని. వాళ్ళు విన్నారు. ఆ పిల్లవాడు ఇప్పుడు డిగ్రీ చదువుతున్నాడు.

వాళ్ళు వెళ్ళిపోయాక నేనడిగాను, నిరుడే కదా మీ మాట తప్పింది, మళ్ళీ అదే ఎట్లా చెప్పారు అని.

"రూతు కథ ఊరంత చెప్పుకుంటరు మేడం. రానోళ్ళది ఎవరు చెప్తరు? గది నేనన్న యాద్ పెట్టుకోవాలె గదా."

రానివాళ్ళలో మల్లేశ్ అని ఒకడున్నాడు. సార్ వద్దన్నా నాలుగుసార్లు రాసి, చివరికి వనపర్తి బస్టాండు దగ్గర మెడికల్ షాపులో పనికి కుదిరాడు. సార్ ఇంటి సందు చివరే ఒక మందుల దుకాణం ఉంది. అయినా ఆయన బీపీ మాత్రలకు ప్రతిసారీ బస్టాండు దాకా నడిచి వెళ్ళేవారు. పెబ్బేరు రైతుకు మల్లేశ్ పేరు చెబితే వెంటనే వినేవాడు కదా అన్నాను. సార్ ముఖంలో చిరాకు నేను చూసింది అప్పుడొక్కసారే.

"మల్లేశ్‌ను చూపెట్టి ఇంకొకర్ని భయపెట్టుడేంది మేడం? ఆయన పని ఆయన మంచిగ చేసుకుంటుండు."



మహబూబ్‌నగర్ నుంచి నేను బస్సు దిగేసరికి అంత్యక్రియలు అయిపోయాయి. ఇంటి ముందు షామియానా కింద కుర్చీలు సగం ఖాళీగా ఉన్నాయి. మల్లేశ్ నీళ్ళ డబ్బాలు మోస్తున్నాడు. బాలస్వామి పుణెలో ఉన్నాడట, ఫోన్ చేశాడని ఎవరో అన్నారు. సార్ భార్యను పలకరించి ఆమె పక్కన కొంతసేపు కూర్చున్నాను.

లేచి వస్తుంటే వరండాలో రూతు కనబడింది. అయిజ నుంచి వచ్చిన సార్ అక్క గోడకు ఆనుకుని కాళ్ళు చాపుకుని కూర్చుని ఉంది. ఏడ్చి ఏడ్చి అలసిపోయిన ముసలామె. రూతు ఆమె పాదాల దగ్గర గొంతుక్కూర్చుని, చీర అంచు కొంచెం పైకి జరిపి, చీలమండ మీద బొటనవేలితో గట్టిగా ఒత్తింది.

"ఏం జూస్తున్నవ్ బిడ్డా?" అంది ముసలామె.

"నడిస్తే ఆయాసం గూడ వస్తదా అవ్వా? కాళ్ళు ఎప్పటిసంది వాచినయి?"

"ఎవరికి తెల్సు? ఎవరు జూసిన్రు?"

రూతు వేలు తీసింది. వాచిన చర్మం మీద బొటనవేలంత గుంట పడింది. ఆ గుంట మీద నుంచి కళ్ళు తిప్పకుండా, అది మెల్లగా, చాలా మెల్లగా నిండడం చూస్తూ కూర్చుంది.