మిరప కల్లం కింద పాతర

మొన్న కోడలు రేషన్ బియ్యం సంచి మూతి విప్పగానే ముక్కిన వాసన గుప్పుమని కొట్టింది. ముప్పై ఐదేళ్ల కిందటి నా తెలివితక్కువతనం వచ్చి ఎదురుగా కూర్చుంది. నాకు తెలివి లేదని కాదు. ఉన్న కాస్తా ఆ ఏడు మిరపచేనుకే వాడేశాను.

అవి రెండో ప్రపంచయుద్ధం రోజులు. గురజాల దగ్గర మా ఊళ్ళో అప్పటిదాకా ఇంటింటికీ ఒక పాతర ఉండేది. మనిషి లోతు గొయ్యి తీసి, చొప్ప పరిచి, జొన్నలు నింపి, పైన మట్టి కప్పేవాళ్లం. వాన ముఖం చాటేసినా ఏడాది గడిచేది. మిరపకు ధర పలికేసరికి నేను జొన్నచేలన్నీ మిరపకే ఇచ్చేశాను. సర్కారు ధరకి గింజలమ్మే కంట్రోలు కొట్టు నడిపే మా బావమరిది వచ్చి, "ఇంకా సంకటేంది బావా, బియ్యం తినే దొరవైపోయావు గదా. ఆ జొన్నలు నాకు తోలు" అన్నాడు. దొర అన్న మాట నాకు సంకటికంటే రుచించింది. పాతర ఖాళీ చేసి, పూడ్చి, దానిమీద కల్లం అలికించి మిరపకాయలు ఎండబోశాను. అమ్మ అరుగుమీంచి చూసి, "ఒరేయ్, కాయలు నంజుకోను బాగానే ఉంటయ్. దేంట్లోకి నంజుకుంటావు?" అంది. నవ్వాను.

మరుసటి ఏటికి బియ్యం మాయమయ్యాయి. చేతిలో డబ్బుంది, ఊళ్ళో గింజ లేదు. కంట్రోలు కొట్టు ముందు అందరితోపాటు దొరగారూ నిలబడ్డారు. బావమరిది కొలిచిన జొన్నల్లో బూజు, పురుగుల గూళ్లు, ఎలుక పెంటికలు. మా పాతర జొన్నలు ఎక్కువ ధరకి నడికుడిలో రైలెక్కాయని బండి తోలినవాడే చెప్పాడు. ఎన్ని నీళ్లు పోసి కడిగినా ఆ సంకటి కంపు పోయేది కాదు. అమ్మ ఒక ముద్ద మింగి, వాంతి చేసుకుని, మజ్జిగ తాగి పడుకునేది. నెల తిరిగేసరికి ఆమె గాజులు మోచేతిదాకా జారాయి. ఆ గింజలను చూసినా, నన్ను నేను చూసుకున్నా ఒకే రోత.

అప్పుడే బావమరిది వాళ్ళక్కను చూడ్డానికి మా ఇంటికి భోజనానికి వచ్చాడు. నేను ఊరి పెద్దలిద్దరిని కూడా పిలిచాను. మా ఆవిడ అందరికీ ఆ సంకటే వడ్డించి, తమ్ముడి కంచంలో మాత్రం నెయ్యి కూడా వేసింది.

"ఏందక్కా ఇది, కంపు కొడతంది?"

"నీ కొట్టుదే నాయనా. మా అత్తకి రోజూ ఇదే పెడతన్నా, నీకేమైంది?"

పెద్దలు కంచంలో చెయ్యి పెట్టకుండా అతనివైపే చూస్తున్నారు. నేను మర్యాదగా, "తిను బామ్మర్దీ, మొహమాటపడమాక" అన్నాను. ముద్దకో గుక్క నీళ్లు తాగుతూ కంచం ఖాళీ చేశాడు. గోడకానుకుని కూర్చున్న అమ్మ, నీరసంగానే, "మారు వడ్డించవే" అంది.

మర్నాడే కల్లం పగలగొట్టించి పాతర మళ్ళీ తవ్వించాను. పూడ్చడానికి ఒక్క పూట పట్టింది. నింపడానికి మూడు పంటలు పట్టాయి; అమ్మ రెండే చూసింది.