చెప్పులతో మాట్లాడే ఫొటోగ్రాఫర్

లాలాగూడలో ఫొటో స్టూడియో పెట్టిన దేవానందం గారు, అనుమతి లేనిదే ఎవరి ముఖమూ చూడరు. ఆయనకున్న పిచ్చేమో దారినపోయే అపురూపమైన ముఖాలను ఫొటో తీయడం!

ఎనిమిదో తరగతిలో చదువాగిపోయి, ఆయన దగ్గర ప్రింట్లు కడిగే పనిలో చేరాను. ఒకరోజు స్టేషన్ దగ్గర, మీసాలు చెవులకు చుట్టుకున్న హమాలీ ఎదురయ్యాడు. దేవానందం గారు చటుక్కున తల దించి అతని చెప్పులతో మాట్లాడారు.

"అయ్యా, మీ మీసాలు ఒకసారి చూడొచ్చా అండీ?"

"మీసాలు మూతి మీదున్నయ్. కింద ఎతుకుతవేంది?"

ఈలోగా రైలొచ్చింది, మీసాలు పరిగెత్తాయి. మాకు చెప్పులే దక్కాయి. అలాంటి చెప్పుల ఫొటోలు మా స్టూడియోలో డబ్బా నిండా ఉన్నాయి.

"ముందు తీసేసి తర్వాత అడగొచ్చుగా అంకుల్?"

"ముఖం వాళ్ళదమ్మా. మనదైతే అడగక్కర్లేదు."

ఒక గురువారం బోయిన్‌పల్లి మార్కెట్‌లో కూరగాయలమ్మే ఎల్లమ్మ, కొంగు ముఖం నిండా కప్పుకుని వచ్చింది. శనివారంలోగా గుర్తింపు కార్డుకు ఫొటో ఇవ్వకపోతే మార్కెట్‌లో ఆమె చోటు పోతుంది. అప్పటికే రెండు స్టూడియోల నుంచి లేచొచ్చేసిందట.

"ముఖమంత తెల్లమచ్చలు సారూ. ఒకడు కెమెరా అద్దం తుడిచిండు. ఇంకొకడు పెండ్లాన్ని పిలిచి చూపెట్టిండు."

"నేను చూడొచ్చా అండీ?" అన్నారాయన ఆమె చెప్పులతో.

"వద్దు. చూడకుంట తియ్."

"సరేనండీ." కళ్ళు మూసుకుని, తడుముకుంటూ వెళ్ళి కెమెరా నల్లగుడ్డను తీసి కప్పారు.

"అయ్యో, అది కుర్చీ సారూ!"

ఆయన కళ్ళు తెరవకుండానే ఆలోచనలో పడ్డారు. "అమ్మా, ఒక సందేహం. ఈ పెద్ద కెమెరాలో మనుషులు తలకిందులుగా కనబడతారు. అలా చూసినా చూసినట్టేనంటారా?"

"ఉల్టానా? కాళ్ళు మీదికా?"

"తల కిందికండీ."

ఎల్లమ్మకు నవ్వు ఆగలేదు. నవ్వుతూ నవ్వుతూ కొంగు వదిలేసింది. "జెర చూడు మరి. ఉల్టా ఎవడూ చూడలె నన్ను." నా వైపు తిరిగింది. "నువ్వు సుత చూడు బిడ్డా. ఎంతసేపు నేల చూస్తవ్?"

తలెత్తాను. కనుబొమల నుంచి మెడ దాకా నలుపులోకి తెలుపు, గట్టు తెగిన ఏరులా పారింది. మధ్యలో ఆ నవ్వు. దేవానందం గారు నల్లగుడ్డలో దూరి క్లిక్‌మనిపించారు.

మర్నాడు ఎల్లమ్మ తన ఫొటోను దగ్గరగా, దూరంగా పట్టుకుని చూసుకుంది.

"ఇది ఆఫీసోళ్ళకు. ఇంకోటి పెద్దగ చేసియ్యి సారూ, తక్కెడ పక్కన పెట్టుకుంట. ఊకె చూసి పోతమంటే నడ్వది. చూసినోళ్ళు కిలో టమాటలన్న కొనాలె!"